ముందు ఆ రికార్డు గదులకు తాళం వేయండి

ఏ దేశంలో నియంత పడిపోయినా టీవీలో విగ్రహాలు కూలుతుంటాయి. నా టెన్షన్ మాత్రం ఆఫీసుల గురించే. ఆ రాత్రి లోపల కూర్చుని ఎవరు ఏ కాగితాలు చింపేస్తున్నారో అని.

1989లో తూర్పు జర్మనీలో జరిగింది అదే. నవంబర్ 9న బెర్లిన్ గోడ తెరుచుకుంది. రహస్య పోలీసు సంస్థ స్టాసీ తన ఫైళ్లను మాయం చేసే పనిలో పడింది. కాగితాలు చింపే మెషిన్లు ఆ లోడుకు తట్టుకోలేక ఆగిపోతే చేతులతోనే చింపారు. డిసెంబర్ 4న ఎర్ఫుర్ట్ నగరంలో మహిళలు ముందు నిలబడితే జనం స్టాసీ ఆఫీసులోకి వెళ్లి కూర్చున్నారు. 1990 జనవరి 15న బెర్లిన్‌లోని ప్రధాన కార్యాలయమూ జనం చేతికొచ్చింది. చింపిన కాగితాల సంచులు దాదాపు 16,000 మిగిలాయి. తర్వాత ఏళ్ల తరబడి ఉద్యోగులు ఆ ముక్కల్ని టేబుల్ మీద పరిచి, చిరిగిన అంచూ కాగితం రంగూ చేతిరాతా పోల్చి చూసుకుంటూ, టేపు అంటించి ఒక్కో పేజీని అతికించారు. పాలనా సంస్కరణ అంటే నా కళ్ల ముందు మెదిలేది ఆ టేబులే.

1992 జనవరి నుంచి ఎవరి ఫైలు వాళ్లు చదువుకోగలిగారు. పాత ప్రభుత్వ ఉద్యోగుల విషయంలోనూ ఫైలు చూసి, మనిషి మనిషికీ విడిగా నిర్ణయం తీసుకునే వీలు దొరికింది. రాష్ట్రాన్ని బట్టి తేడాలున్నాయి, తప్పులూ జరిగాయి. అయినా నువ్వు ఏం చేశావు అని అడిగారు. ఏ పార్టీ కార్డు ఉంది అని అడిగి అంతటితో వదిలేయలేదు.

ఇరాక్‌లో అలా కాదు. సద్దాం హుస్సేన్ పడిపోయాక, 2003 మే 16న అమెరికా పెట్టిన తాత్కాలిక పాలన ఒక్క ఉత్తర్వుతో అతని బాత్ పార్టీలో పై నాలుగు అంచెల వాళ్లందరినీ ప్రభుత్వ ఉద్యోగాల నుంచి తీసేసింది. ఆ తర్వాత వారానికే సైన్యాన్నే రద్దు చేసింది. ఉద్యోగం నిలబెట్టుకోవడానికి పార్టీలో చేరిన టీచర్లు వేలమంది రోడ్డున పడ్డారు. ఆయుధం పట్టడం తెలిసిన లక్షల మందికి జీతం ఆగిపోయింది. ఆ దేశం ఆ తర్వాత ఏమైందో అందరం చూశాం.

అలాగని పాతవాళ్లందరినీ కదిలించకుండా ఉంచేద్దాం అనేవాళ్లతోనూ నేను ఒప్పుకోను. తనని జైలుకు పంపిన రిపోర్టు రాసిన మనిషి ముందే ఒకడు పెన్షన్ కోసం చేతులు కట్టుకుని నిలబడాలా? అది నాకు ఊహించడానికే కష్టంగా ఉంది. ఎవరు రాశారో తెలియాలంటే కాగితం ఉండాలి. అందుకే కొత్త ప్రభుత్వం మొదటి ఉత్తర్వు రికార్డు గదుల కాపలా గురించే ఉండాలంటాను. ఎన్నికల తేదీ రెండు రోజులు ఆగి ప్రకటించినా ఏమీ కాదు. కాలిపోయిన ఫైలు మాత్రం తిరిగి రాదు.

స్టాసీ సంచుల్లో చాలా భాగం ఇప్పటికీ ముక్కలుగానే ఉన్నాయి. వాటిలో ఎవరి జీవితం ఎందుకు పాడైందో రాసి ఉండొచ్చు.