చావుకు 90 రోజులు, వీల్‌చైర్ లిఫ్ట్‌కు ఐదేళ్లు

2022 డిసెంబర్‌లో కెనడా పార్లమెంటరీ కమిటీ ముందు ఒక మాజీ సైనికురాలు చెప్పిన సంగతి నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు. పారాలింపిక్స్‌లో ఆడిన మనిషి. ఇంటికి వీల్‌చైర్ లిఫ్ట్ పెట్టించమని ఐదేళ్లుగా అడుగుతోంది. అంత కష్టంగా ఉంటే కారుణ్య మరణానికి సాయం చేస్తామని మాజీ సైనికుల శాఖ సిబ్బంది తనతో అన్నారని ఆమె వాంగ్మూలం. ఆమె అడిగింది లిఫ్ట్!

2016లో అక్కడ కారుణ్య మరణాన్ని అనుమతించే చట్టం తెచ్చినప్పుడు చావు దగ్గరపడినవారికే అన్నారు. 2021లో ఆ షరతు ఎత్తేశారు. 2024లో బ్రిటన్ పార్లమెంటులో పెట్టిన ఇలాంటి బిల్లు కూడా ఆరు నెలల్లో పోయేవారికే అంది. ఆ హామీ ఎన్నాళ్లుంటుందో కెనడాను చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

చావు దగ్గర్లో లేనివారి దరఖాస్తుకు కెనడాలో కనీసం 90 రోజుల పరిశీలన ఉంది. ఇతర సాయాలు ఏమున్నాయో వారికి చెప్పాలి. సంబంధిత నిపుణులతో మాట్లాడే అవకాశం ఇవ్వాలి, వాటి గురించి వారు గట్టిగా ఆలోచించారని డాక్టర్లు ఒప్పుకోవాలి. అంతే. ఆ సాయాలు అందాయా లేదా అన్నది చట్టానికి పట్టదు. నాకు అన్నిటికంటే గుచ్చుకునేది ఇదే.

భరించలేని నొప్పితో ఉన్నవారిని ఎందుకు బతికించి హింసిస్తారని చట్టాన్ని సమర్థించేవారు అడుగుతారు. ఆ బాధ నిజం, నేను కాదనను. కానీ 1997 నుంచి ఇలాంటి చట్టం అమలవుతున్న అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్ర నివేదికలు తీసి చూడండి. నొప్పి కంటే 'ఇంట్లోవాళ్లకు భారమవుతున్నాను' అన్న కారణమే ఎక్కువమంది నోట వినిపిస్తుంది.

ఆ మాట ఎక్కడ పుడుతుంది? మంచం మీద ఉన్న మనిషికి పక్క గదిలో కూతురు మాటలు వినిపిస్తుంటాయి. ఆఫీసుకు ఫోన్ చేసి ఇంకో రెండు రోజులు సెలవు అడుగుతోంది. ఆమె విసుక్కోదు, గొంతు తగ్గించి బతిమాలుతుంది. ఆ తగ్గించిన గొంతే పెద్దావిడను తినేస్తుంది. రేపు డాక్టర్ వచ్చి 'ఇది మీ సొంత నిర్ణయమేనా?' అని అడిగితే అవుననే అంటుంది. బలవంతం ఎవరూ చేయలేదు కదా.

అసలు సంపాదన ఆగిన మనిషిని ఖర్చుగా చూడటం మనకు ఎప్పుడో అలవాటైపోయింది. ఇంట్లో మనిషిని చూసుకునేవారికి జీతం ఉండదు, సెలవు ఉండదు. మరోవైపు 2020లో కెనడా పార్లమెంట్ బడ్జెట్ అధికారి, చట్టాన్ని విస్తరిస్తే దాని కింద మొత్తంగా 2021లో వైద్య ఖర్చు దాదాపు 14.9 కోట్ల కెనడా డాలర్లు తగ్గుతుందని లెక్క కట్టారు. డబ్బు కోసమే చట్టం తెచ్చారని నేను అనను. కానీ చావుతో ఎంత మిగులుతుందో లెక్క తేలిన చోట ఆ లిఫ్ట్ ఐదేళ్లయినా రాలేదు.

అందుకే ఇలాంటి ప్రతి దరఖాస్తులో ఒక ప్రశ్న తప్పనిసరి కావాలి: ఈ మనిషి అడిగిన సాయం అందిందా? అందలేదని రాస్తే ఫైలు అక్కడే ఆగాలి. ఆ సాయం ఇవ్వాల్సిన ఆఫీసుకు వెళ్లాలి.