ఎర్ర తువ్వాలు

మా సినిమా డైరెక్టర్‌గారు ఆదివారం ఏదో నాయకత్వ శిక్షణ క్లాసుకి వెళ్లొచ్చారు. సోమవారం పొద్దున ఏడింటికి, ఇంకా ఇడ్లీ ప్లేట్లు చేతుల్లో ఉండగానే అందర్నీ పిలిచి, "ఈ రోజు నుంచి నా సెట్‌లో అరుపులుండవు. పాజిటివ్ వాతావరణం కావాలి" అన్నారు. 24 క్రాఫ్ట్స్, అంటే సినిమాకి పనిచేసే అన్ని శాఖల వాళ్లూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడుకే ఆయన మొహం చిట్లించారు.

ఒక సంగతి చెప్పాలి. మన సినిమాల్లో డైలాగులు చాలావరకు తర్వాత డబ్బింగ్‌లో చెప్పుకునేవే. అందుకే టేక్ నడుస్తుండగానే "ఏడుపు పెంచమ్మా", "బాబూ, ఎడమకి చూడు" అని డైరెక్టర్ అరుస్తూనే ఉంటాడు. లైట్‌మన్ అటక మీద, మేకప్‌మన్ బయట, జనరేటర్ ఇంకెక్కడో. అరుపు ఆగిందంటే సెట్‌కి వైఫై పోయినట్టే.

అరవకూడదు కాబట్టి సైగలు కావాలి. ఆ పని యూనిట్‌లో అందరికంటే చిన్నవాణ్ని, క్లాప్ కొట్టే నా నెత్తిన పడింది. మా తాత రైల్వే గార్డు. రక్తంలో ఉన్నది ఎక్కడికి పోతుంది! పచ్చ తువ్వాలు ఊపితే యాక్షన్, ఎర్రది ఊపితే కట్.

ఆ రోజు చావు సీను. మండువాలో పెద్దాయన శవం, చుట్టూ ఏడవడానికి కృష్ణానగర్ నుంచి వచ్చిన పదిమంది జూనియర్ ఆర్టిస్టు ఆడవాళ్లు, హీరోకి పేజీన్నర డైలాగు. ఉయ్యాల్లో పసిబిడ్డ నిద్రపోతుంటే తలుపేసినట్టు క్లాప్ మెల్లగా మూసి, పచ్చ తువ్వాలు ఊపాను.

హీరో అదరగొట్టాడు. నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి. అయ్యాక కెమెరా అసిస్టెంట్ నా చెవి దగ్గరకొచ్చి, "సగంలో కట్ ఎందుకు చెప్పావన్నా?" అన్నాడు.

నేనెక్కడ చెప్పాను? వెనక్కి తిరిగితే ప్రొడక్షన్ బాయ్. ఒక చేతిలో టీ ఫ్లాస్కు. రెండో చేతిలో ఎర్ర తువ్వాలు. ఈగలు తోలుకుంటున్నాడు.

హీరో ఏమన్నాడో రాయను. అది కూడా గుసగుసగానే అన్నాడు, నియమం నియమమే.

రెండో టేక్. ఈసారి ఎర్ర తువ్వాలు నేనే ఊపాను. కెమెరా ఆగింది. ఆడవాళ్లు ఆగలేదు. కళ్ల నిండా గ్లిజరిన్. తువ్వాలు కాదు, చీరంత గుడ్డ ఊపినా కనపడదు. పైగా తీసుకున్న డబ్బుకి న్యాయం చేసే మనుషులు. ఒకావిడ కొత్త శోకం ఎత్తుకుంది. డైరెక్టర్‌గారు ఎదురుగా వెళ్లి, ఇక ఆపండమ్మా అన్నట్టు రెండు చేతులూ జోడించారు. శవానికి దణ్ణం పెడుతున్నారనుకుని వాళ్లూ పెట్టి, గొంతు పెంచారు.

"కట్ అంటే కట్!"

సెట్ మొత్తం ఒక్కసారి నిశ్శబ్దం. అటక మీంచి "హమ్మయ్య, ఉన్నారా సార్!" అని లైట్‌మన్ గొంతు. టీలు వచ్చాయి. లంచ్‌లోపు నాలుగు షాట్లు లాగేశాం.

చావు సీను చేసినవాళ్లతో చివర్లో నవ్వించి ఒక షాట్ తీయడం మన దగ్గర ఆనవాయితీ, కీడు పోవాలని. పెద్దాయన్ని లేపితే లేవడు. గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు! భుజం పట్టి కుదిపితే ఒక కన్ను తెరిచి, "కట్ చెప్పారా బాబూ?" అన్నాడు.

"నవ్వు తాతా, నవ్వు" అన్నాను. నా తువ్వాళ్లు చూసి నిజంగానే నవ్వేశాడు. ఆ షాట్‌కి డైరెక్టర్‌గారే స్వయంగా "యాక్షన్" అని అరిచారు. పక్క షూటింగ్ ఫ్లోర్‌లో కూడా కెమెరా ఆన్ చేశారట.