డస్ట్ కలెక్టర్ దండగ అన్న సలహాకు సమాధానం

మిద్దె మీద రేకుల షెడ్డులోనో, కారు పెట్టే చోటనో, ఖాళీగా ఉన్న గదిలోనో సొంతంగా చెక్కపని చేసుకునేవారు ఇప్పుడు చాలామంది ఉన్నారు. వారి మధ్య ఒక సలహా విస్తృతంగా తిరుగుతోంది. చెక్కపొట్టు సహజమైనది కనుక దానికి భయపడనక్కర్లేదనీ, అయిదారు వేల రూపాయల వ్యాక్యూమ్ క్లీనర్ చాలుననీ, అంతకు మించి కావాలంటే ఎక్కువ హెచ్‌పీ ఉన్న గుడ్డసంచి డస్ట్ కలెక్టర్ (పొట్టునూ ధూళినీ పైపుతో పీల్చి సంచిలోకి తోసే పెద్ద ఫ్యాను యంత్రం) ఏది కొన్నా ఒకటేననీ, మిగిలిన ధూళికి తలుపులు తీసి మాస్కు పెట్టుకుంటే సరిపోతుందనీ దాని సారాంశం. ఇందులో కొంత నిజం కలిసి ఉండడం వల్లనే ఈ సలహా నమ్మదగినదిగా కనిపిస్తోంది. అందుకే ఒక్కొక్క మాటనూ విడదీసి చూడాలి.

"చెక్క సహజమైనది, మన వడ్రంగులు తరతరాలుగా ఆ పొట్టులోనే బతకలేదా?" అన్నది మొదటి మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్క ధూళిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ముక్కు లోపలా, ముక్కు చుట్టూ ఉండే గాలి గదుల్లోనూ వచ్చే క్యాన్సర్‌తో దానికి సంబంధం ఉంది. అయితే ఆ నిర్ధారణకు ముఖ్యంగా ఆధారమైనవారు ఏళ్ల తరబడి ఫర్నిచర్ పరిశ్రమలో పనిచేసినవారు. ఆదివారం ఆదివారం రెండు గంటలు పనిచేసేవారికీ అంతే ముప్పు ఉందని నేను అనను. కానీ ఉబ్బసానికీ, చర్మం మీద దద్దుర్లకూ అన్నేళ్లు పట్టదు. టేకు, జిట్రేగి వంటి కలపల పొట్టు తగిలితే ఒళ్లు దద్దుర్లెక్కేవారు ఉన్నారు.

ఇక తరతరాల మాట. చిత్రిక పట్టినప్పుడు రేగేది చుట్టలు చుట్టుకున్న పొట్టు. అది కాళ్ల దగ్గరే రాలుతుంది. బాడిస, ఉలి చేసేవి పేళ్లు. నేటి ఇంటి పనిచోటులో తిరిగే శాండర్ (గరుకు కాగితంతో రుద్దే యంత్రం), రౌటర్ (అంచులు, గాడులు చెక్కే యంత్రం), టేబుల్ సా (బల్లకు బిగించిన గుండ్రటి రంపం) చెక్కను పిండి చేస్తాయి. పైగా మనం కోస్తున్నది చాలా సార్లు చెక్క కూడా కాదు, చెక్క పీచును యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురుతో కలిపి అదిమిన ఎండీఎఫ్ పలక. పాతవారి పనిని చూపించి ఈ ధూళికి అభయం ఇవ్వడం ఎంతమాత్రం చెల్లదు.

ఎంత ధూళి ఎక్కువ అన్నది కూడా చూద్దాం. అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ పని గంటల సగటున ఘనపు మీటరు గాలికి 1 మిల్లీగ్రాము చెక్క ధూళిని మించవద్దంటుంది. ఐరోపా సమాఖ్య గట్టి కలప ధూళికి 2023 నుంచి 2 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు ఉన్న గదిలో సుమారు 34 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. అంటే ఆ గది మొత్తం గాలిలో తేలుతున్న ధూళి 34 మిల్లీగ్రాములు, దాదాపు రెండు మూడు బియ్యపు గింజల బరువు ఉంటే చాలు, నియోష్ చెప్పిన హద్దు చేరినట్లే. శాండర్‌ను కాసేపు ఆడిస్తే అంత ధూళి లేవడం కష్టం కాదు.

రెండో మాట వ్యాక్యూమ్ క్లీనర్ గురించి. ఇది సగం నిజం. చేత్తో పట్టుకునే శాండర్, రౌటర్ వంటి వాటికి సన్నని గొట్టం, బలమైన పీల్పు కావాలి. ఆ పనికి వ్యాక్యూమే తగినది, డస్ట్ కలెక్టర్ పనికిరాదు. టేబుల్ సా, ప్లేనర్ (చిత్రిక పట్టే యంత్రం) సంగతి వేరు. వాటికి పీల్పు బలం కన్నా గాలి పరిమాణం ముఖ్యం. పొట్టు పైపులో నిలిచిపోకుండా కొట్టుకుపోవాలంటే గాలి నిమిషానికి సుమారు 4000 అడుగుల వేగంతో సాగాలి. ఆ వేగంతో నాలుగంగుళాల పైపులో నిమిషానికి 350 ఘనపు అడుగులు, అంటే 350 సీఎఫ్ఎం గాలి పారుతుంది. రెండున్నర అంగుళాల గొట్టంలో అదే వేగానికి పారేది 136 మాత్రమే. మన బజారులో దొరికే చవక వ్యాక్యూమ్‌ల గొట్టాలు అంతకన్నా సన్నవి. కాబట్టి వ్యాక్యూమ్ తగిలించిన టేబుల్ సా కింద శుభ్రంగా కనబడినా, రంపపు పళ్లు పైకి విసిరిన సన్నని ధూళి పనివాడి ముఖం మీదికే వస్తుంది.

"హెచ్‌పీ ఎక్కువైతే అదే లాగుతుంది" అన్న మాట కొనేవారిని ఎక్కువగా నష్టపరుస్తోంది. పెట్టె మీద వేసే సీఎఫ్ఎం అంకె చాలా సార్లు ఫిల్టరు, పైపు ఏవీ తగిలించకుండా కొలిచినది. ముడతల గొట్టం పది అడుగులు తగిలించగానే ఆ అంకె గణనీయంగా పడిపోతుంది. అమెరికా సమీక్షలు చూసి కొనేవారు మరొకటి గమనించాలి. అక్కడి 60 హెర్ట్జ్ కరెంటు మీద నిమిషానికి దాదాపు 3450 చుట్లు తిరిగే తరహా మోటారు మన 50 హెర్ట్జ్ మీద 2850 చుట్ల దగ్గరే ఆగుతుంది. రెక్కల చక్రం అదే అయితే గాలి సుమారు ఆరో వంతు, పీల్చే ఒత్తిడి దాదాపు మూడో వంతు తగ్గుతాయి. మోటారు మీద పెట్టే అదనపు డబ్బును పైపు మీద పెట్టడం మేలు. ఒకే పరిమాణంలో గాలి పారేటప్పుడు నాలుగంగుళాల పైపులో ఉండే అడ్డంకి ఆరంగుళాల పైపులో ఏడో వంతుకు దిగుతుంది. ప్లంబింగ్ దుకాణంలో దొరికే 110 మిల్లీమీటర్ల నున్నని పీవీసీ పైపు వేసి, యంత్రం దగ్గర మాత్రం రెండడుగుల ముడతల గొట్టం ఉంచుకుంటే చిన్న మోటారు కూడా పెద్దదానిలా పనిచేస్తుంది.

గుడ్డసంచి విషయంలో నా అభ్యంతరం తీవ్రమైనది. "పొట్టంతా సంచిలో పడుతోంది కదా, కళ్లకు కనబడుతోంది" అంటారు. కంటికి ఆనేది సుమారు 50 మైక్రాన్ల వరకే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఊపిరితిత్తుల లోతుకు చేరేది 10 మైక్రాన్ల లోపు ధూళి. చవక యంత్రాలకు వచ్చే 30 మైక్రాన్ల సంచి ఈ సన్నని ధూళిలో చాలా భాగాన్ని నేలకు దిగనివ్వకుండా గదంతా చల్లుతుంది. అనుమానం ఉన్నవారు రాత్రి దీపాలు ఆర్పి, సంచి పక్కగా టార్చి వేసి, మోటారు ఆన్ చేయండి. సంచి ఉబ్బిన క్షణంలో నేత కన్నాల నుంచి పొగ లాంటిది బయటికి వచ్చి, వెలుగు దారిలో మెల్లగా తేలుతూ కనిపిస్తుంది. ఆ సంచి తీసేసి 1 మైక్రాన్ వరకూ పట్టే క్యానిస్టర్ ఫిల్టరు (మడతలు పెట్టిన డబ్బా ఆకారపు ఫిల్టరు) తగిలించాలి. దాని ముందు సైక్లోన్ డబ్బా (గాలిని సుడి తిప్పి బరువైన పొట్టును కిందికి రాల్చేది) పెడితే పొట్టులో ఎక్కువ భాగం అందులోనే రాలిపోయి, ఫిల్టరు త్వరగా మూసుకుపోదు.

తలుపులు, మాస్కు అన్నది చివరి మాట. ఎన్95 మాస్కు తప్పక పెట్టుకోవలసినదే. కానీ కదలని గాలిలో 10 మైక్రాన్ల రేణువు తల ఎత్తు నుంచి నేలకు దిగడానికి సుమారు పది నిమిషాలు పడితే, 2.5 మైక్రాన్ల రేణువుకు రెండు మూడు గంటలు పడుతుంది. పని ముగించి మాస్కు తీసేసినవారూ, భోజనానికి పిలవడానికి వచ్చిన ఇంట్లోవారూ పీల్చేది దాన్నే.

తెరిచిన తలుపు మాటలో మాత్రం మంచి ఉపాయం దాగి ఉంది. చలి దేశాల్లో వెచ్చని గాలి పోతుందని కలెక్టర్ గాలిని బయటికి వదలడానికి వెనకాడతారు; గ్యాస్ వాటర్ హీటరు ఉన్న గ్యారేజీలో దాని పొగ లోపలికి తన్నే ప్రమాదం కూడా ఉంది కనుక డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవారు జాగ్రత్తపడాలి. మన ఊళ్లలో ఏసీ లేని షెడ్డుకు ఆ బెడద లేదు. సైక్లోన్ తర్వాత గాలిని గోడ అవతలికి వదిలేస్తే ఖరీదైన ఫిల్టరే అక్కర్లేదు. అపార్టుమెంటులో ఇది కుదరదు, పక్కింటివారి బట్టల మీదికి ధూళి పంపడం తగదు. సొంత ఆవరణ ఉన్నవారు 1.5 హెచ్‌పీ కలెక్టర్‌ను ఇలా బిగించుకుని, బయటికి పోయినంత గాలి లోపలికి వచ్చేలా ఎదురుగోడ కిటికీ తీసి ఉంచాలి.