సవరణ: ర్యామ్ తర్వాత పెంచుకోవచ్చన్న మాట గురించి

ఇంజనీరింగ్‌లో చేరే విద్యార్థుల ల్యాప్‌టాప్ ఎంపికపై గతంలో రాసినప్పుడు, ముందు 8 జీబీ ర్యామ్‌తో కొని అవసరమైతే తర్వాత పెంచుకోవచ్చని చెప్పాను. అది అన్ని ల్యాప్‌టాప్‌లకూ వర్తించదు. నా మాట నమ్మి కొన్నవారు ఉంటే మన్నించాలి.

ఇటీవల మా మేనకోడలి ల్యాప్‌టాప్ అడుగు మూత విప్పి చూస్తే ర్యామ్ అమర్చే స్లాటే లేదు. నల్లటి చిప్‌లు నేరుగా మదర్‌బోర్డుకే సోల్డర్ చేసి ఉన్నాయి. పలుచని మోడళ్లలో చాలావాటిది, ముఖ్యంగా వివరాల్లో ఎల్‌పీడీడీఆర్5 (తక్కువ కరెంటుతో నడిచే ఒక రకం ర్యామ్) అని ఉన్నవాటిది, ఇదే పరిస్థితి. ఆపిల్ సొంత ఎం1, ఆ తర్వాతి చిప్‌లతో వచ్చిన మ్యాక్‌బుక్‌లలోనైతే మెమరీ, అంటే ర్యామ్, ప్రాసెసర్ ప్యాకేజీలోనే ఉంటుంది కాబట్టి, కొన్నాక పెంచే వీలే లేదు. యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో, వాటిని పరీక్షించడానికి తెర మీదే ఫోన్‌లా పనిచేసే ఎమ్యులేటర్, బ్రౌజర్ కలిపి తెరిస్తే 8 జీబీకి ఊపిరాడదు కనుక, ఇలాంటివాటిని నాలుగేళ్ల చదువును దృష్టిలో పెట్టుకుని మొదటే 16 జీబీతో తీసుకోవాలి.

దుకాణంలోనే తేల్చుకునే మార్గం ఒకటుంది. విండోస్ 11 టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ కింద మెమరీ తెరిచినప్పుడు, ఫామ్ ఫ్యాక్టర్ ఎదుట సోడిమ్ (విడిగా తీసి పెట్టగలిగే ర్యామ్ కార్డు) అని కనిపిస్తే ర్యామ్ స్లాటులో ఉన్నట్టు. రో ఆఫ్ చిప్స్ అని కనిపిస్తే బోర్డుకే అతికించినట్టు. కొన్ని మోడళ్లలో కొంత ర్యామ్ బోర్డు మీద ఉండి, పక్కన ఒక స్లాటు కూడా ఉంటుంది. ఇలా ఏదో ఒక స్లాటు ఉన్నవాటికి మాత్రం నా పాత సలహా ఇప్పటికీ చెల్లుతుంది.