పాట ముగ్గురిది, పాడిన తీరు ఓటిస్‌ది

1932 డిసెంబర్ 8న లండన్‌లో రే నోబుల్ ఆర్కెస్ట్రా ‘ట్రై ఎ లిటిల్ టెండర్‌నెస్’ అనే పాటను రికార్డు చేసింది. పాడింది వాల్ రోసింగ్. హోటల్ హాల్లో జంటలు మెల్లగా అడుగులు వేయడానికి సరిపోయే ఫాక్స్‌ట్రాట్ అది. 34 ఏళ్ల తర్వాత అదే పాట అమెరికాలోని మెంఫిస్‌లో, నల్లజాతి గాయకుడు ఓటిస్ రెడ్డింగ్ గొంతులో మళ్లీ వచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టి వింటే ఒకే పాట అని నమ్మబుద్ధి కాదు. కాగితం మీద మాత్రం రచయితలు అప్పుడూ ఇప్పుడూ ఆ ముగ్గురే: జిమ్మీ క్యాంప్‌బెల్, రెజ్ కానెల్లీ, హ్యారీ వుడ్స్.

1966 తర్వాత ఈ పాటకు వచ్చిన కవర్లలో, అంటే ఇతరులు మళ్లీ పాడిన రికార్డుల్లో, పేరున్నవి ఏవి తీసుకున్నా అవి 1932 పాటకు కవర్లు కావు, ఓటిస్ రికార్డుకు కవర్లు. పేరు, డబ్బు పంచే పద్ధతికి మాత్రం ఈ తేడా పట్టదు.

క్యాంప్‌బెల్, కానెల్లీ లండన్‌లో పాటలు రాస్తూ సొంత ప్రచురణ సంస్థ నడిపినవాళ్లు. వుడ్స్ అమెరికన్. ఎడమచేతికి వేళ్లు లేకుండా పుట్టినా పియానో ముందు కూర్చునే బాణీలు కట్టాడు. పాట నిర్మాణం ఆనాటి వాడుక ప్రకారమే ఉంటుంది. మొదట మన లలిత గీతాల్లో సాకీ లాంటి ఒక ముక్క. ఆ తర్వాత 32 బార్లు (బార్ అంటే తాళం ఒక ఆవృత్తి): ఒక బాణీలో ఎనిమిది, అదే బాణీలో ఇంకో ఎనిమిది, బాణీ మారి ఎనిమిది, తిరిగి మొదటి బాణీకి వచ్చి ఎనిమిది. సాకీని తర్వాత చాలామంది గాయకులు వదిలేశారు. పాట సారం ఒక సలహా. అదే పాత గౌను వేసుకుని రోజులు నెట్టుకొస్తున్న ఆడమనిషి అలసిపోతుంది, ఆమెతో కాస్త మెత్తగా ఉండు అని మగవాడికి చెబుతుంది.

1933లో బింగ్ క్రాస్బీ, 1945లో ఫ్రాంక్ సినాట్రా రికార్డు చేశారు. ఇద్దరూ సలహాను సలహాలాగే, గొంతు పెంచకుండా చెప్పారు. 1964 నాటికి ఈ బాణీకి ఎంత మర్యాదస్తుల ముద్ర పడిందంటే, స్టాన్లీ కుబ్రిక్ ‘డాక్టర్ స్ట్రేంజ్‌లవ్’ మొదట్లో బాంబర్ విమానానికి గాల్లో ఇంధనం నింపే దృశ్యం వెనక దీన్ని వాద్యాల మీద వినిపించి నవ్వు పుట్టించాడు. నల్లజాతి గాయకుల్లో అరీతా ఫ్రాంక్లిన్ 1962లో కొలంబియా కంపెనీకి పాడింది. శామ్ కుక్ 1964లో న్యూయార్క్ కోపకబానా క్లబ్బులో మూడు పాటల మాలికలో ఒక ముక్కగా కలిపాడు. శామ్ కుక్ అంటే ఓటిస్‌కు గురుభావం. ఈ పాట ఓటిస్ దాకా వచ్చిన దారిలో ఆ మాలికకు చోటుంది.

మెంఫిస్‌లో ఓటిస్ ఈ పాట రికార్డు చేసిన స్టాక్స్ స్టూడియో ఒకప్పటి సినిమా హాలు. నేల వాలు కూడా తీసేయలేదు. గాయకుడు, డ్రమ్స్, బాకాలు అన్నీ ఒకే గదిలో. అక్కడ వాద్యాల భాగాలు నొటేషన్ రాసి పంచే అలవాటు తక్కువ, నోటితో అని చూపించేవారు. ఓటిస్ తన పాటలకు బాకాల వరసలు తానే కూనిరాగం తీసి నేర్పేవాడు. ఈ పాటకు వాద్యాల అమరికలో ఐజాక్ హేస్ చెయ్యి ఉంది. డ్రమ్స్ మీద అల్ జాక్సన్, గిటార్ స్టీవ్ క్రాపర్, బేస్ డక్ డన్, కీబోర్డుల మీద బుకర్ టి. జోన్స్.

ఈ రికార్డును ముక్కలుగా విప్పి వింటే అసలు పని బయటపడుతుంది. మొదట బాకాలు మాత్రమే, ఒకదాని వరస మీద ఇంకొకటి అల్లుకుంటూ. డ్రమ్స్ లేవు. గొంతు వచ్చాక కూడా మొదటి ఎనిమిది బార్లు దాదాపు ఖాళీగానే ఉంటాయి, ఒక సాక్సోఫోన్ పక్కన నడుస్తుంది. రెండో ఎనిమిది దగ్గర జాక్సన్ పుల్లతో డ్రమ్ అంచు మీద టిక్కు టిక్కుమని కొట్టడం మొదలుపెడతాడు. అతను చేసిందల్లా ఇదీ: తాళం వేగం పెంచకుండా, తాళంలో పడే దెబ్బలను రెట్టింపు చేశాడు. కర్ణాటక సంగీతం నేర్చినవాళ్లకు ఇది రెండో కాలం. గొంతు ఇంకా మొదటి కాలంలోనే ఉంది. ఆ రెండింటి మధ్య లాగుడే పాట నడిచినంతసేపూ మనల్ని కుర్చీ అంచున కూర్చోబెడుతుంది. బాణీ మారే భాగం దాటాక గిటార్ దెబ్బలు తోడవుతాయి, ఆ తర్వాత డ్రమ్స్ పూర్తిగా తెరుచుకుంటాయి. చివర్లో స్వరసమూహాలు మెట్టు మెట్టుగా పైకి ఎక్కుతుంటే బాకాలు వాటి వెంట పరిగెడతాయి. అక్కడికి 32 బార్ల పాట అయిపోయింది. వుడ్స్ రాసిన బాణీలో ఈ చివరి భాగమే లేదు. ఓటిస్ నోట మాటలు తెగి ‘గాటా’, ‘నా నా’ అనే శబ్దాలే మిగులుతాయి. అసలు సాహిత్యంలో గౌనును వర్ణించే ‘షాబీ’ అనే మాటను కూడా అతను ‘షాగీ’ అని పాడాడు. చిరుగుల గౌను కాస్తా బొచ్చు గౌను అయింది. ఆ తప్పును ఎవరూ పట్టించుకోలేదు, పైగా అనుకరించేవాళ్లు దాన్నీ అనుకరించారు.

1966 నవంబర్‌లో వచ్చిన ఈ సింగిల్ అమెరికా పాప్ పట్టికలో 25వ స్థానం, రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో 4వ స్థానం అందుకుంది. 1967 జూన్‌లో కాలిఫోర్నియాలోని మాంటెరీ సంగీతోత్సవ వేదిక మీద ఓటిస్ దీనితోనే ముగించాడు. ఆ డిసెంబర్ 10న విమాన ప్రమాదంలో చనిపోయేనాటికి అతని వయసు 26.

1969లో త్రీ డాగ్ నైట్ బృందం దీన్ని రాక్ శ్రోతల ముందుకు తెచ్చి 29వ స్థానం దాకా తీసుకెళ్లింది. పాడిన కోరీ వెల్స్ గొంతులో సత్తువ ఉంది. లోపం ఎక్కడంటే, కథ ముగింపు ముందే తెలిసినవాడు కథ చెబుతున్నట్టు ఉంటుంది. చివర్లో అరవబోతున్నానని మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది. 1991లో వచ్చిన ‘ది కమిట్‌మెంట్స్’ సినిమాలో డబ్లిన్ కుర్రాడు ఆండ్రూ స్ట్రాంగ్ దాదాపు పదహారేళ్ల వయసులో పాడింది దీనికన్నా మేలు, ఎందుకంటే అతను మొదటి భాగంలో ఓపిక పట్టాడు. ఈ రెండూ స్టాక్స్ పథకాన్నే అనుసరిస్తాయి: ఖాళీ మొదలు, అంచు దెబ్బలు, చివరి ఎక్కుడు.

ఈ పాటను వేదికెక్కించే బ్యాండ్లు దెబ్బతినేది కూడా ఇక్కడే. డ్రమ్మర్ అంచు దెబ్బలు మొదలవగానే తాళాన్ని కూడా తోసేస్తాడు, దాంతో చివరి భాగానికి ఎక్కడానికి మెట్లే మిగలవు. స్నేర్ డ్రమ్ బాణీ మారే చోటుకు ముందే పడిందంటే పాట అక్కడే అయిపోయినట్టు. బాకాల బదులు కీబోర్డు పెట్టేవాళ్లు మూడు వరసలనూ ఒకే చేత్తో ఒక్క స్వరసమూహంగా నొక్కేస్తారు. అల్లిక పోయి మొద్దు శబ్దం మిగులుతుంది. కనీసం రెండు వరసలైనా విడివిడిగా, వేర్వేరు శబ్దాలతో వాయించాలి.

ఇక డబ్బు సంగతి. ఒకసారి రికార్డయి విడుదలైన పాటను, చట్టం చెప్పిన రుసుము కట్టి ఎవరైనా మళ్లీ పాడుకోవచ్చని అమెరికా 1909 చట్టం అనుమతించింది. ఆ రుసుము పాటకు, ప్రతికి 2 సెంట్లు. 1978 దాకా అదే రేటు. 1976 చట్టం ఇంకో మాట స్పష్టం చేసింది: మీ శైలికి తగ్గట్టు వాద్యాల అమరిక మార్చుకోండి, మూల బాణీని మార్చకండి, ఆ అమరిక మీద హక్కుదారు ఒప్పుకోకుండా మీకు హక్కు రాదు. అంటే త్రీ డాగ్ నైట్ రికార్డు అమ్ముడైతే రచన వాటా వెళ్లేది ఆ ముగ్గురు రచయితల వైపే. ఓటిస్, హేస్, జాక్సన్ ఖాతాల్లో ఆ పద్దు కింద ఏమీ పడదు. అమెరికా ఎఫ్‌ఎం రేడియోలు రచయితకు చెల్లిస్తాయి, పాడినవాడికి చెల్లించవు.

2011లో జే-జీ, కాన్యే వెస్ట్ ఓటిస్ రికార్డు నుంచే ముక్కలు కోసి వాడుకుని ‘ఓటిస్’ అనే ర్యాప్ పాట చేశారు. గాయకుడిగా అతని పేరు వేశారు. రచయితల వరసలో వుడ్స్, క్యాంప్‌బెల్, కానెల్లీ ఉన్నారు, ఓటిస్ లేడు. పాట పేరే అతనిది!

మన దేశంలో అయితే ఈ రికార్డు పుట్టడమే కష్టం. 2012 సవరణతో కాపీరైట్ చట్టంలోకి వచ్చిన 31సి సెక్షన్ ప్రకారం కవర్ చేయాలంటే మొదటి రికార్డింగ్ వచ్చిన ఏడాది ముగిశాక ఐదు క్యాలెండర్ సంవత్సరాలు ఆగాలి. ఏడాదికి కనీసం 50,000 ప్రతులకు రాయల్టీ ముందే కట్టాలి. అంతకన్నా ముఖ్యం, హక్కుదారు సమ్మతితో ఇదివరకే జరిగినవో, రికార్డింగుకు సాంకేతికంగా అవసరమైనవో తప్ప సాహిత్యంలో, బాణీలో ఏ మార్పూ చేయకూడదు. ‘షాబీ’ని ‘షాగీ’ చేసినా, చివర కొత్త భాగం తగిలించినా ఈ సెక్షన్ కాపాడదు, విడిగా అనుమతి తెచ్చుకోవాలి. పాత తెలుగు సినిమా పాటలను కొత్త నడకలో పాడి అంతర్జాలంలో పెట్టే కుర్రవాళ్లు దీన్ని ఒకసారి చదువుకోవాలి. మూలాన్ని పొల్లుపోకుండా దించే అనుకరణకు ఈ సెక్షన్ దారి ఇచ్చింది. పాటకు కొత్త ప్రాణం పోసే మార్పును గుమ్మం బయటే నిలబెట్టింది.

అమెరికాలో 95 ఏళ్ల గడువు లెక్కన 1930ల తొలినాళ్ల ఈ రచన ఈ దశాబ్దం ముగిసేలోపే అందరిదీ అవుతుంది. అప్పుడు ఎవరైనా అనుమతి అడగకుండా పాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఓటిస్ రికార్డు మాత్రం 2018 చట్టం ప్రకారం 2067 ఫిబ్రవరి 15 దాకా తాళం వేసే ఉంటుంది. ఆ తాళంచెవి ఉండేది రికార్డు హక్కులున్న కంపెనీ దగ్గర.