సీ వ్యూ, శిఖం వ్యూ

వరంగల్‌కు సముద్రంతో ప్రస్తుతం మిగిలిన అధికారిక సంబంధం ఒక్కటే. రైల్వే స్టేషన్‌లో పసుపు బోర్డు మీద ఊరి పేరు, దాని అడుగున చిన్న అక్షరాల్లో సముద్ర మట్టానికి మనం ఎంత ఎత్తున ఉన్నామో ఉంటుంది. రెండు వందల మీటర్ల పైమాటే. ఆ బోర్డు పక్క నుంచే బ్యాగులు మోసుకుంటూ గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కే మన జనం మాత్రం దాన్ని ఎత్తుగా చూడరు, లోటుగా చూస్తారు.

గోదావరి బండి 1974 నుంచి నడుస్తోంది. రాత్రి బువ్వ వేళకు ఎక్కితే తెల్లారేసరికి విశాఖపట్నం. 2023 సంక్రాంతికి వందే భారత్ వచ్చింది కాబట్టి ఇప్పుడు పగటిపూట కూడా ఊరు దాటొచ్చు. దువ్వాడ రాకముందే సామాన్లతో తలుపు దగ్గర వరుస కట్టిన వాళ్లలో సగం మంది మనోళ్లే ఉంటారు. సముద్రం ఎటైనా పోతుందని భయం.

ఆ సాయంత్రం రామకృష్ణా బీచ్‌లో, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, చేతిలో మురీ మిక్స్చర్ పొట్లంతో ప్రతి ఇంటిపెద్దా ఒకే ప్రకటన చేస్తాడు: "రిటైరైనంక ఈడనే ఉండాలె."

ఈ ప్రకటనను తేలిగ్గా తీసుకోవద్దని నా మనవి. హనుమకొండలో నేనెరిగిన ఉద్యోగుల్లో చాలామంది విశాఖలో మానసికంగా ఎప్పుడో స్థిరపడ్డారు. అయితే ప్రకటన చేసే సమయంలో ఆ మనిషి స్థితి ఏమిటో కూడా విచారించాలి. కరెంటు బిల్లు గుర్తులేదు. ఇంటి ముందు పైపు కోసం తవ్వి వదిలేసిన గుంత కనిపించడం లేదు. పొద్దున లేచి పాలకు పోయే పని లేదు. లాడ్జి దుప్పటి ఎవరో ఉతికారు, టిఫిన్ ఎవరో పెట్టారు. ఈ స్థితిలో ఉన్న మనిషిని తీసుకుపోయి పరకాల బస్టాండులో కూర్చోబెట్టినా ఇక్కడే ఉండిపోదాం అంటాడు.

మర్నాడు కైలాసగిరి. కొండ మీద నుంచి చూస్తే ఒకవైపు నీలంగా నీళ్లు, మరోవైపు పట్నం. అందాన్ని చూసి మనోళ్ల నోట మాట రాదు. వచ్చినప్పుడు మాత్రం గజం రేటు వస్తుంది. మనకు ఏ ఊరైనా నచ్చిందని చెప్పడానికి వేరే భాష లేదు మరి. ఆటో డ్రైవర్‌ను అడుగుతారు, కొబ్బరిబొండాలాయన్ను అడుగుతారు, చివరికి సింహాచలం క్యూలో ముందున్నాయన్ను కూడా అడుగుతారు. భీమిలి రోడ్డు మీద ఎట్లుంది, రుషికొండ దగ్గర ఎట్లుంది? ఆటో డ్రైవర్ మర్యాదగా అన్నీ చెప్పి, "మా పెద్దోడు హైదరాబాద్‌లో ఉజ్జోగమండి. మమ్మల్నీ అక్కడికే వచ్చీమంటన్నాడు" అంటాడు. ఆ మాటను మనోళ్లు పట్టించుకోరు. అమ్మేవాడు దొరికాడన్న సంతోషమొక్కటే మిగులుతుంది.

ఇక సముద్రం పక్కన బతకడం గురించి రెండు ముక్కలు. ఉప్పుగాలి కిటికీ ఊచలను తింటుంది, ఏసీ బయటి డబ్బాను తింటుంది, బండి సైలెన్సర్‌ను తింటుంది. దేశానికి కావలసిన ఉక్కు ఆ ఊళ్లోనే తయారవుతుంది, తుప్పు కూడా ఆ ఊళ్లోనే తయారవుతుంది. మే నెలలో మన ఎండ నిప్పులు చెరుగుతుంది, ఒప్పుకుంటాను. కానీ కూలర్ అనే మహాత్ముడు మనకు పని చేస్తాడు. అక్కడి ఉక్కపోతలో కూలర్ పెడితే ఉన్న తేమకు ఇంకొంత తేమ కలపడమే. చల్లగాలి అని మనం మెచ్చుకునే ఆ గాలే 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ పేరుతో గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వచ్చి చెట్లను నేలకూల్చింది, విమానాశ్రయాన్ని చితక్కొట్టింది. ఆ వారం "ఈడనే ఉండాలె" అన్నవాళ్లెవరూ నాకు తగల్లేదు.

రిటైరయ్యాక సముద్రానికి ఎదురుగా నిజంగా స్థిరపడినది, నాకు తెలిసినంతలో, కుర్సురా అనే జలాంతర్గామి ఒక్కటే. 1969లో నౌకాదళంలో చేరింది. 2001 దాకా కొలువు చేసింది. మరుసటేడాది నుంచి బీచ్ రోడ్డు పక్కన ఇసుకలో మ్యూజియంగా సెటిలయింది. ఇంతకన్నా మంచి సీ వ్యూ ఎవరికీ దొరకదు. దాని బతుకు చూడండి. ఎదురుగా నీళ్లు, దిగడానికి లేదు. పొద్దుగూకేదాకా ఊళ్ల నుంచి వచ్చిన జనం పిల్లల్ని వెంటేసుకుని లోపలికి దూరి, మంచాలు చూసి, వంటగది చూసి, "అబ్బ, ఎంత ఇరుకున్నదో" అని బయటపడతారు.

విశాఖలో ఫ్లాటు కొన్న వరంగల్ మనిషికీ జరిగేది అదే. కుర్సురాకైనా టికెట్ ఉంది. ఈయనకు అదీ లేదు. దసరా సెలవులు ఇచ్చారంటే ఫోన్: "కాకా, గోదావరి ఎక్కినం. ఆరుగురమే." వేసవికి చిన్నమ్మ కొడుకులు, సంక్రాంతికి బామ్మర్ది అత్తగారి తరఫువాళ్లు. అందరికీ అరకు చూపించాలి, బొర్రా గుహలు చూపించాలి, రొయ్యలు వండి పెట్టాలి. పోయేటప్పుడు వాళ్లు గుమ్మంలో నిలబడి చెప్పే మాట కూడా తెలుసు: "నువ్వు అదృష్టవంతుడివే కాకా, రోజూ సముద్రం చూస్తవ్." కాక సముద్రం చూసి ఎన్ని నెలలయిందో కాకికి ఎరుక.

తిండి సంగతి తొందరగా చెప్పి ముగిస్తాను. వంజరం వేపుడు రెండు పూటలు బ్రహ్మాండంగా ఉంటుంది. మూడో పూట నుంచి మనిషి కొర్రమీను కోసం కలవరిస్తాడు. దాన్ని రాష్ట్ర చేపగా ప్రకటించింది ఊరికే కాదు. బతుకమ్మ సంగతి ఇంకా కష్టం. మన చెరువులో వదిలితే మెల్లగా లోపలికి పోతుంది. సముద్రంలో వదిలి "పోయిరా గౌరమ్మా" అంటే రెండో అలకే తిరిగొచ్చి కాళ్ల దగ్గర నిలబడుతుంది. ఆ తల్లికి కూడా ఊరికి పోదామనే ఉంటుందేమో.

చరిత్ర తెలిసినవారు ఇక్కడ అడ్డుతగలవచ్చు. ఓరుగల్లుకు సముద్రం కొత్తా? కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. అంతకుముందు రాజులు తుపానుకు చితికి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా లాక్కునేవారు. నేను సుంకం తప్ప ఏమీ తీసుకోను, భయపడకుండా రండి అని విదేశీ వర్తకులకు మాటిచ్చాడు. తీరం చేతిలో ఉండి, రేవు చేతిలో ఉండి, గజం రేటు అడగాల్సిన అవసరం కూడా లేని ఆ మహారాజు మోటుపల్లికి ఇల్లు మార్చలేదు. ఓరుగల్లు కోటలోనే కూర్చుని సుంకం తెప్పించుకున్నాడు. పైగా ఆయన కాలంలోనే పాఖాల చెరువు తవ్వించారు, రామప్ప గుడి, దాని పక్కన చెరువు కట్టించారు. నీళ్ల దగ్గరికి మనం పోవడం కాదు, నీళ్లనే మన దగ్గర ఆపుకోవాలన్నది ఆయన విధానం.

ఆ విధానాన్ని మనం కొంచెం సవరించుకున్నాం. సముద్రం చూడటానికి 500 కిలోమీటర్లకు పైగా పోయే మనం, ఊళ్లో చెరువుకు వీపు పెట్టి ఇల్లు కడతాం. కట్టేది కూడా చాలాసార్లు చెరువు శిఖంలోనే, అంటే చెరువు నిండితే నీళ్లు నిలిచే నేలలోనే. విశాఖలో సీ వ్యూకు డబ్బు ఎక్కువ, మన దగ్గర శిఖం వ్యూ చవక. రిజిస్ట్రేషన్ నాడు అది ప్లాటు, వానొచ్చిన నాడు చెరువు. 2023 జూలైలో ఆ వ్యూ నేరుగా ఇంట్లోకే వచ్చింది. హంటర్ రోడ్డు, ఎన్టీఆర్ నగర్ మునిగాయి, పడవలు దిగాయి, పోతన నగర్ వైపు భద్రకాళి చెరువు కట్ట తెగింది. అప్పుడు ఎవరూ గాలి ఎట్ల కొడుతుందో చూడమని ఫొటోలు దిగలేదు. తర్వాత 2024 చివర్లో పూడిక తీయడానికని భద్రకాళి చెరువు నీళ్లన్నీ వదిలేస్తే, అంత పెద్ద చెరువు మన ఊళ్లో ఉందని అప్పుడే కనిపెట్టినవాళ్లు కొందరున్నారు. ఖాళీ చెరువు చూసి బాధపడి, శని ఆదివారాలకు వైజాగ్ టికెట్లు తీసుకున్నారు.

మా కాలనీలో ఒకాయన ఈ విషయంలో అందరికన్నా ముందున్నాడు. కూతుర్ని విశాఖలోనే ఇచ్చాడు. ఫ్లాటు సంగతి వియ్యంకుడే చూసిపెడతాడని ఆశ. ఆ వియ్యంకుడు పండక్కి వచ్చి, పొద్దున్నే భద్రకాళి బండ్ మీద నడిచి, గుడి చూసి, గుట్టలు చూసి, మెత్తబడిపోయాడు. "ఏటి బావగారూ, ఇంత సల్లగా ఉందేటి! ఉప్పు లేదు, జిడ్డు లేదు. రిటైరయ్యాక ఇక్కడే ఉండిపోవాలనిపిస్తోంది. ఈ సెరువు పక్కన గజమెంతుంటాది?"

మావాడికి ఆ పక్కనే, మూడేళ్లుగా అమ్ముడుపోని రెండు వందల గజాల ప్లాటు ఉంది. శిఖం అనే మాట గొంతు దాకా వచ్చింది. మింగేసి, రేటు చెప్పాడు.