శాంతం సిలబస్‌లో లేదు

భరతుడు నాట్యశాస్త్రంలో ఎనిమిది రసాలే చెప్పాడనీ, తొమ్మిదోదైన శాంతాన్ని తర్వాతివాళ్ళు చేర్చారనీ పండితులు అంటారు. విశాఖ ఎంవీపీ కాలనీలో మా ఫ్లాటు ఇప్పుడు అచ్చం భరతుడి కాలంలో ఉంది. ఎనిమిదీ ఉన్నాయి, తొమ్మిదోది ఇంకా చేరలేదు. కారణం, మా అమ్మాయి పదో తరగతిలో డ్రామా తీసుకుంది.

మేమేమీ గుడ్డిగా ఒప్పుకోలేదు. కేంబ్రిడ్జి బోర్డువారి పదో తరగతి స్థాయి పరీక్ష ఐజీసీఎస్‌ఈలో అదొక సబ్జెక్టనీ, దానికి 0411 అని కోడు నంబరు కూడా ఉందనీ రూఢి చేసుకున్నాకే సంతకం పెట్టాను. రైలుకైనా చదువుకైనా నంబరుంటే ఎక్కడికో అక్కడికి చేరుస్తుందని నా నమ్మకం.

నా చిన్నప్పుడు "నాటకాలాడుతున్నావా?" అనే ప్రశ్నకి జవాబు చెప్పేలోపే వీపు మోగేది. ఇప్పుడదే మాట మా ఇంట్లో బుజ్జగింపుగా వినబడుతోంది. "పొద్దుణ్ణించీ చదువుతూనే ఉన్నావు తల్లీ, కాసేపు నాటకాలాడకూడదూ?" అని మా ఆవిడ పాలగ్లాసు పట్టుకుని వెంటబడుతోంది.

ఈ ఊళ్ళో కోచింగు లేని చదువుని చదువనరు కాబట్టి ద్వారకానగర్ బయల్దేరాను. మొదటి సెంటర్లో "డ్రామా ఎంపీసీ కిందికొస్తుందా, బైపీసీ కిందికొస్తుందా సార్?" అనడిగారు. కన్నీటి గ్రంథుల ప్రసక్తి ఉంది కనక బైపీసీ కావచ్చన్నాను. రెండోచోట, ఆరో తరగతిలోనే ఫౌండేషన్ బ్యాచిలో వేయాల్సిందని నన్ను జాలిగా చూశారు. ఇంత తిరిగినవాణ్ణి, దగ్గర్లోనే ఆంధ్రా యూనివర్సిటీ ఉందనీ, అందులో థియేటర్ ఆర్ట్స్ విభాగమే ఉందనీ తెలియక కాదు. కానీ వాళ్ళు కోచింగు ఇవ్వరు, నాటకం నేర్పుతారట. పరీక్షలు దగ్గర పెట్టుకుని అలాంటి ప్రయోగాలు ఎందుకు?

చివరికి ఒక కెమిస్ట్రీ మాస్టారు దొరికారు. "సిలబస్ కాపీ ఇవ్వండి, ఏదైనా చెప్తాను. కన్నీళ్ళలో ఉన్నదీ లవణమే కదా" అన్నారు. ఆయన మీద గురి కుదిరింది. రెండున్నర గంటల రాతపరీక్షకి 40 శాతం, అభినయానికి 60 శాతం అని చదవగానే, ఆ అరవైనీ ఇంటర్నల్స్ కింద కొట్టిపారేశారు. "స్కూలువాళ్ళు వేసుకునేవేగా, నలభై మీద పడదాం" అన్నారు. ఆ అభినయాన్ని వీడియో తీస్తారనీ, బడిలో వేసిన మార్కుల్ని కేంబ్రిడ్జివాళ్ళు మళ్ళీ సరిచూస్తారనీ అమ్మాయి గుర్తుచేశాక గాని ఆయన బోర్డు తుడవలేదు. మా వంశంలో ఎవరి ఏడుపూ ఇంతవరకు అనకాపల్లి దాటలేదు. ఇంగ్లండు దాకా వెళ్ళబోతోందంటే ఇంటిల్లిపాదికీ బాధ్యత పెరిగింది.

మాస్టారి బిట్ల పుస్తకం గొప్పది. గురజాడవారి కన్యాశుల్కం మొదటిసారి ఆడింది 1892లో, విజయనగరంలో. అచ్చయింది 1897లో, తిరగరాసి మళ్ళీ వేసింది 1909లో. సురభివాళ్ళు కీచకవధతో మొదలైంది 1885. గురజాడ పుట్టింది 1862 సెప్టెంబరు, నటనకి పాఠాలు రాసిన రష్యా గురువు స్టానిస్లావ్‌స్కీ పుట్టింది 1863 జనవరి, అంటే మనాయనే నాలుగు నెలలు పెద్ద. వీటిలో ఒక్కటీ కేంబ్రిడ్జివాళ్ళు అడగరని అమ్మాయి అంటుంది. అడిగితే? రాతపరీక్షలో ఒక నాటకాన్ని తలకెత్తుకుని దర్శకుడిలా ఆలోచించమంటారట. తేదీలు తెలియని దర్శకుడు ఏం ఆలోచిస్తాడు?

రంగస్థలం కొలతలు మాత్రం మా ఊరివాళ్ళకి పుట్టుకతోనే వస్తాయి. పూర్వం పాశ్చాత్యులు వేదికని వెనకవైపు ఎత్తుగా, ప్రేక్షకుల వైపు వాలుగా కట్టేవారు, అందుకే వెనకది అప్‌స్టేజి, ముందుది డౌన్‌స్టేజి అయ్యాయి. వాల్తేరు అప్‌ల్యాండ్స్ నుంచి బీచిరోడ్డుకి దిగే ఊరికి ఇది విడిగా చెప్పాలా? ఎదురుగా సముద్రం, టిక్కెట్టు లేకుండా వచ్చి రాత్రింబవళ్ళు గోల చేసే ప్రేక్షకుల్లాగా.

సిలబస్‌లో లేకపోయినా మాస్టారు పట్టుబట్టి చేర్చినవి భరతుడి సాత్త్వికభావాలు, అంటే మనసులోది ఒంటిమీద బయటపడే గుర్తులు, ఎనిమిది. ఇక్కడే మా కుటుంబం విశ్వరూపం చూపించింది. స్వేదానికి సాధనే అక్కర్లేదు. ఏప్రిల్ ఉక్కపోతలో అమ్మాయికి మొదటిరోజే నూటికి నూరు. స్తంభం, అంటే కదలక మెదలక నిలబడిపోవడం, మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర స్కూటరు మీద నేనే చేసి చూపించాను. స్వరభేదానికీ నేనే నమూనా. మా మేనేజరు ఫోను వచ్చినప్పుడు నా గొంతు ఎలా మారుతుందో రికార్డు చేసి పెట్టుకుంది. ముఖం పాలిపోయే వైవర్ణ్యం ఫీజు రసీదు చూసిన మా ఆవిడలో అప్రయత్నంగా పలికింది. ప్రళయమంటే మూర్ఛ అని వివరిస్తుండగానే రెండో విడత సంగతి తెలిసి, ఆ పాఠమూ పూర్తయింది. వేపథువు, అదే వణుకు, యూనిట్ టెస్టు రోజు దానంతటదే వచ్చింది. రోమాంచం కోసం ఏసీ పదహారులో పెడితే జలుబు చేసింది.

బండి ఆగిపోయింది అశ్రువు దగ్గర.

ఒంటరిగా చేసే అభినయానికి మూడు నుంచి ఐదు నిమిషాలు. మాస్టారి లెక్క ప్రకారం రెండో నిమిషం పదో సెకనుకి కన్ను తడవాలి. అమ్మాయి గోడకేసి తిరిగి కూర్చుంటే బొబ్బిలి పక్క పల్లె నుంచి వచ్చిన మా అమ్మ కంగారుపడింది. "ఏటిరా, గుంటనేటన్నావు?" అని నామీదికొచ్చింది. ఏమీ అనలేదు, ఏడవడానికి తంటాలు పడుతోందని చెబితే నోరు నొక్కుకుంది. "మా ఊర్లో కాటిసీను కొచ్చేతలికి తెల్లారిపోయీది. గోనిపట్టాలేసుకుని కూకుని ఎక్కెక్కి ఏడిసీవోళ్ళం. మాకెవులు నేర్పినార్రా?" అంది. మా ఇంట్లో నాటకం చూసిన మనిషి ఆవిడొక్కతే. అందుకని ఆవిడ మాట సిలబస్‌లోకి రాదు.

బయటిగాలి తగిలితే వస్తుందేమోనని ఒక తెల్లవారుజామున ఆర్కే బీచికి తీసుకెళ్ళాను. యుద్ధంలో కొడుకుని పోగొట్టుకున్న తల్లి పాత్ర. ఇసకలో మోకాళ్ళ మీద కూలబడి, చేతులు చాచి మొదలుపెట్టిందో లేదో వాకర్లు చుట్టూ చేరారు. "ర్యాంకు రాలేదా తల్లీ?" అన్నాడొక పెద్దాయన. "పరవాలేదమ్మా, లాంగ్ టర్మ్ తీసుకో" అందొక పెద్దావిడ. ఇంకొకాయన తన కొడుకు మూడోసారికి ఎలా గట్టెక్కాడో చెబుతూ కళ్ళు ఒత్తుకున్నాడు. ఈ ఊళ్ళో పదహారేళ్ళపిల్ల ఏడవడానికి ఇంకో కారణం ఉండొచ్చని ఒక్కరికీ తట్టలేదు. ప్రేక్షకుడు కథలో పడి కొట్టుకుపోకుండా కాస్త దూరంగా నిలబడి ఆలోచించాలన్నాడు జర్మన్ నాటకకర్త బ్రెక్టు. పాపం ఆయన మా వాకర్లని చూడలేదు.

ఎలాగూ అసలు నాటకం ఒకటి చూడాలి కదా అని ఊళ్ళో ఒక ప్రదర్శనకి వెళ్ళాం. జ్యోతి ప్రజ్వలన, అధ్యక్షోపన్యాసం, ఏడు శాలువాలు, ఏడు జ్ఞాపికలు. వాటి తర్వాత మిగిలిన సమయంలో నాటకం. హాల్లో సగంమంది సన్మానం చేసేవాళ్ళు, సగంమంది చేయించుకునేవాళ్ళు. శాలువాల కార్యక్రమం కాగానే రెండు సగాలూ భోజనాలకి లేచాయి. అమ్మాయి మాత్రం చకచకా నోట్సు రాసుకుంది. తొంగి చూస్తే, "ఆహార్యం (వేషం): శాలువా. వాచికం (మాట): మైకు వదలకపోవడం" అని ఉంది. అసలు నాటకం బాగుందని చెప్పాలి. చూసినవాళ్ళం పదకొండు మందిమి.

పోయిన వారం బడిలో బృందాభినయం. పిల్లలే సొంతంగా అల్లుకున్న నాటకం, పదిహేను నిమిషాలకి మించకూడదు. ఇంగ్లీషులో సాగింది. ఒక తండ్రి ఉంటాడు. చేతిలో సిలబస్ కాగితాలు, మెళ్ళో శాలువా. ఇంట్లో ఎవరు నవ్వినా, ఎవరు దగ్గినా "దీనికెన్ని మార్కులు?" అంటాడు. ఫోను మోగితే గొంతు పిల్లికూన అయిపోతుంది. కూతురు నిజంగానే ఏడవడం మొదలెడితే దగ్గరికి తీసుకోడు, గడియారం చూస్తాడు. హాలు హాలంతా పగలబడి నవ్వింది. మా ఆవిడ మరీను.

"ఇంగిలీసు నాకు రాదుగాని, ఆ నాన్నెవుడో పోల్చుకున్నాన్రా" అంది మా అమ్మ. ఎవరే అంటే కొంగు నోట్లో కుక్కుకుంది.

విమర్శకుడిగా నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెబుతాను. ఆ తండ్రి పాత్రలో సహజత్వం బొత్తిగా లోపించింది. ఎంత చదువుల పిచ్చి ఉన్నా, బిడ్డ ఏడుస్తుంటే గడియారం చూసే తండ్రి ఎక్కడుంటాడు? ఆ మాటే మాస్టారికి ఫోన్ చేసి చెప్పాను. ఏడుపు అనుకున్నదానికంటే నాలుగు సెకన్లు ఆలస్యంగా వచ్చిందని కూడా చెప్పాను.